నెమలి పిడి ఉన్న పాత మంగలికత్తి: ఇది దంతమేనా, పిడి మార్చాలా?

పాతపెట్టె

ఇటీవల నా సేకరణలోకి ఒక పాత మంగలికత్తి వచ్చింది. పిడికి రెండు వైపులా నెమలి బొమ్మ ఉబ్బెత్తుగా తీర్చి ఉంది. మెడ పైభాగాన మొదలై, తోక ఈకలు పిడి చివరిదాకా పరచుకొని ఉన్నాయి. ఈకల మధ్య పల్లాల్లో గోధుమరంగు నిలిచి, మిగిలినదంతా మీగడ రంగులో ఉంది. అమ్మినవారు ఇది ఏనుగు దంతమనీ, వస్తువు వయస్సు నూట యాభై ఏళ్లకు పైమాటేననీ వ్రాసి ఇచ్చారు. అలుగు (కత్తి ఉక్కు భాగం) మొదట్లో ఒక వైపు తయారీదారు ముద్ర, రెండో వైపు "జర్మనీ" అన్న మాట ఉన్నాయి.

నన్ను బాధిస్తున్న విషయం వేరే ఉంది. కత్తిని మూసినప్పుడు పిడి పలకల మధ్యకు వెళ్ళే భాగం మీద మాత్రమే తుప్పు చుక్కలు పుడుతున్నాయి. పలకలకు బయట ఉండే కత్తి తోక, అంటే వేలు ఆనించుకునే ఉక్కు కొస, మచ్చ లేకుండా మెరుస్తోంది. తుడిచి నూనె పూసినా కొద్దికాలానికే చుక్కలు అదే చోట మళ్ళీ కనిపిస్తున్నాయి. పిడి మేకుల చుట్టూ పచ్చని పొర కూడా చేరింది. పని తెలిసిన ఒకాయన పిడి తీసేసి చెక్క పిడి వేయించమంటున్నారు. ఇది నిజంగా దంతమేనా, చెప్పిన వయస్సు నమ్మదగినదేనా, పిడి మార్చడం సరైన పనేనా అన్నవి నా సందేహాలు. వీటిలో చివరిది నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది, ఎందుకంటే నేను ఈ కత్తిని తీసుకున్నదే ఆ నెమలి కోసం.

సానరాయి

మిగతా సంగతులు తర్వాత చూద్దాం. ముందుగా ఆ కత్తిని మీ ఇతర కత్తుల నుంచి వేరు చేయండి. ఇవాళే చేయండి.

కొత్తపదును

దంతమైతే ఒకదానినొకటి అడ్డంగా కోసుకునే సన్నని గీతలు కనిపించాలి. వాటిని ష్రెగర్ గీతలంటారు. మీ పిడి మీద అవి లేకపోతే అది దంతం కాదని తేల్చేయవచ్చు.

దంతపుగీత

కొత్తపదును గారు చెప్పిన గుర్తు నిజమే కానీ, దాన్ని మంగలికత్తి పిడికి అలా నేరుగా వర్తింపజేయకూడదు. ష్రెగర్ గీతలు దంతాన్ని అడ్డంగా కోసినప్పుడు ఆ కోత ముఖం మీద కనిపిస్తాయి. కత్తి పిడి పలకలను దంతం పొడవునా కోసి తీస్తారు కనుక, పలక చదునైన ముఖం మీద ఆ అల్లిక కనిపించదు. అక్కడ కనిపించేవి పొడవునా సాగే సన్నని జీరలు మాత్రమే. అవి సమానమైన ఎడంతో ఉండవు, కొంత దూరం సాగి మసకబారుతాయి, మళ్ళీ తేలుతాయి. అల్లికను చూడాలంటే పలక రెండు కొసల అంచులను భూతద్దంతో పరిశీలించాలి. ఆ అంచు చాలా చిన్నది, పైగా గుండ్రంగా అరగదీసి ఉంటుంది, కాబట్టి నిజమైన దంతపు పిడి మీద కూడా అది దొరక్కపోవచ్చు.

సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్‌తో చేసిన నకిలీ దంతంలో జీరలు ఇందుకు భిన్నంగా ఉంటాయి. తెల్లని, కాస్త ముదురైన పొరలను ఒకదానిపై ఒకటి అదిమి తయారుచేస్తారు కనుక గీతలు ఒకే ఎడంతో, ఒకదానికొకటి సమాంతరంగా, ఎక్కడా తడబడకుండా సాగుతాయి. ఎముకలో ఒకప్పుడు రక్తనాళాలు నడిచిన సన్నని గొట్టాలు ముదురు చుక్కలుగా, పొట్టి గీతలుగా మిగులుతాయి.

పాతపెట్టె గారి విషయంలో ఇంకా సులభమైన పరీక్ష ఉంది. రెండు వైపుల నెమళ్ళను పక్కపక్కన ఫొటో తీసి పోల్చండి. చేతితో చెక్కిన పనిలో ఏ రెండు ఈకలూ ఒక్కలా రావు. రెండు వైపులా ప్రతి గీత ఒకే చోట, ఒకే లోతున ఉంటే అది అచ్చులో అదిమిన పని. దంతాన్ని అలా అచ్చులో అదమలేరు.

సానరాయి

పిడిని మెత్తని గుడ్డతో గట్టిగా రుద్ది, వేడెక్కగానే వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్. గంధకపు వాసన వస్తే గట్టిపరచిన రబ్బరు. కాల్చిన సూది పెట్టి చూడమని ఎవరైనా చెబితే వినవద్దు. సెల్యులాయిడ్ భగ్గున అంటుకోగలదు, దంతమైతే చెరగని మచ్చ పడుతుంది.

ముద్రలవేట

వయస్సు సంగతి నేను చెబుతాను. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం, దిగుమతి అయ్యే సరుకు మీద అది తయారైన దేశం పేరు ఆంగ్లంలో ఉండాలి. ఆ నిబంధన 1891 నుంచి అమలైంది. అందువల్ల ఒంటరిగా "జర్మనీ" లేక "ఇంగ్లండ్" అని ఉన్న కత్తిని 1891కి తర్వాతిదిగా లెక్కించడం సేకర్తల అలవాటు. బ్రిటన్ ఇంకా ముందే, 1887లో, సరుకు గుర్తుల చట్టం చేసింది. జర్మనీలోని జోలింగెన్‌లో తయారైన కత్తుల మీద ఇంగ్లండ్‌లోని కత్తుల పట్టణం షెఫీల్డ్ పేరునూ ముద్రలనూ కొట్టి అమ్ముతున్నారని షెఫీల్డ్ పనివారు గట్టిగా ఫిర్యాదు చేయడం ఆ చట్టానికి ఒక ముఖ్య కారణం. "మేడ్ ఇన్ జర్మనీ" అన్న మాట అలా పుట్టింది.

పైగా అమెరికాలో హయట్ సోదరులు సెల్యులాయిడ్‌ను తయారుచేసింది 1870 ప్రాంతంలో. దువ్వెనలకు, అద్దాల వెనుక పలకలకు, కత్తి పిడులకు అది విస్తారంగా వాడుకలోకి రావడానికి మరికొంత కాలం పట్టింది. పిడి సెల్యులాయిడ్ అని తేలితే, ముద్ర చెప్పే కాలమూ పిడి చెప్పే కాలమూ కలుస్తాయి. మీ నెమలి 1891కీ మొదటి ప్రపంచ యుద్ధానికీ మధ్య పుట్టిందని నా అంచనా. అది తక్కువ సంగతేమీ కాదు, బొమ్మల పిడులకు అదే మంచి కాలం.

కొత్తపదును

దేశం పేరు లేని కత్తి అయితే 1891కి ముందుదే అనుకోవచ్చా?

ముద్రలవేట

అనుకోకూడదు. స్వదేశంలో అమ్ముడుపోయిన కత్తికి ఆ చట్టంతో పనిలేదు. దేశం పేరు ఉంటే అది సాక్ష్యం, లేకపోతే ఏ సాక్ష్యమూ కాదు.

వంకీతోక

ముద్రల కంటే నేను ఆకారాన్నే ఎక్కువ నమ్ముతాను. పద్దెనిమిదో శతాబ్దపు కత్తులకు తోక పొట్టిగా, మొండిగా ఉంటుంది, లేదా దాదాపు ఉండదు. వేలు ఆనించుకునే వంపు తిరిగిన పొడవాటి తోక పంతొమ్మిదో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో స్థిరపడింది. అలుగు కోత కూడా అంతే. పాతవాటిలో వెన్ను నుంచి వాదర (పదును అంచు) దాకా బరువైన ముక్కోణపు కోత ఉంటుంది. రెండు వైపులా లోతుగా తొలిచి పల్చబరచిన అలుగు పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో విస్తరించింది, అందులో జోలింగెన్ పనివారిది పెద్ద చెయ్యి.

షెఫీల్డ్ కత్తుల మీద కిరీటంతోపాటు ఉండే రాజుల అక్షరాలను చూసి తొందరపడేవారు చాలామంది ఉన్నారు. "డబ్ల్యు.ఆర్." అంటే నాలుగో విలియం, 1830 నుంచి 1837 దాకా, చాలా ఇరుకైన కాలం కనుక నమ్మకంగా చెప్పవచ్చు. "వి.ఆర్." అంటే విక్టోరియా, 1837 నుంచి 1901 దాకా, దానితో పెద్దగా తేలేదేమీ లేదు. "జి.ఆర్." అన్నది మూడో జార్జి కాలానిదీ కావచ్చు, 1910 తర్వాత ఐదో జార్జి కాలానిదీ కావచ్చు. అక్కడ తోకే తీర్పు చెప్పాలి. "సిల్వర్ స్టీల్" అన్న ముద్ర చూసి ఉక్కులో వెండి ఉందనుకోవడం కూడా సరికాదు. శాస్త్రవేత్త ఫారడే, కత్తుల తయారీదారు స్టోడార్ట్ 1820 ప్రాంతంలో చేసిన మిశ్రమ ఉక్కు ప్రయోగాల తర్వాత ఆ పేరుకు గిరాకీ ఏర్పడింది, అంతే.

తుప్పువైరి

పిడి మార్చాలా అన్న ప్రశ్నకు ఇప్పటిదాకా ఎవరూ జవాబు ఇవ్వలేదు, నేను ఇస్తాను. మార్చాలి. పలకల మధ్య ఉండే భాగానికే తుప్పు పడుతోంది, మేకులు పచ్చబడ్డాయి, తోక శుభ్రంగా ఉంది. ఈ లక్షణాలు చాలు. సెల్యులాయిడ్ కుళ్ళిపోతూ ఆమ్లపు ఆవిరి వదులుతోంది. ఒకసారి మొదలైన ఆ కుళ్ళును వెనక్కి తిప్పే మందు లేదు. నూనె పూస్తూ కూర్చుంటే తుప్పు చుక్కలు గుంటలవుతాయి, గుంటలు వాదర దాకా పాకితే ఆ అలుగు ఇక ఎప్పటికీ పదును నిలుపుకోదు. కత్తి అంటే అలుగే కదా. గీసుకోవడానికి పనికిరాని మంగలికత్తికి ఎంత అందమైన పిడి ఉన్నా ఏం లాభం?

పిడిమనసు

తుప్పువైరి గారితో నేను గట్టిగా విభేదిస్తున్నాను. ఆయన చెప్పిన రోగ నిర్ధారణ సరైనదే కావచ్చు, చికిత్స మాత్రం వస్తువునే చంపుతుంది.

ఆ కాలపు బొమ్మల పిడుల కత్తులు ఎలా తయారయ్యాయో గుర్తుచేసుకోవాలి. ఒకే రకం అలుగును సాదా నల్ల పిడిలోనూ, దంతపు రంగు పిడిలోనూ, నెమలి, మొసలి, గాలిమర, మొక్కజొన్న పొత్తు, జుట్టు విరబోసుకున్న స్త్రీ వంటి అచ్చు పిడులలోనూ బిగించి, కొనేవారి అభిరుచికి తగినట్టు అమ్మేవారు. అలుగు వేలల్లో ఒకటి. నెమలి అచ్చు పగలకుండా, రంగు పోకుండా, సొంత మేకులతో, ఆ అలుగుతోనే మనదాకా రావడం అరుదు. నెమలిని తీసేసి చెక్క పిడి వేస్తే మీ చేతిలో మిగిలేది ఎక్కడైనా దొరికే కత్తి. ఆ తర్వాత అది ఇంకొకరి చేతికి చేరినప్పుడు, దానికి ఒకప్పుడు ఏ పిడి ఉండేదో చెప్పే ఆధారం కూడా ఉండదు.

ఇంకొక సంగతి. పిడి తీయడం అంటే మేకుల తలలను అరగదీసి వెనక్కి నెట్టడం. సుత్తితో కొట్టి తలకట్టిన ఆ చిన్న మేకులు, వాటి కింది బిళ్ళలు, పలకల చివర్న బిగించిన సీసపు ముక్క, ఇవన్నీ సాక్ష్యాలే. పాత సెల్యులాయిడ్ పెళుసుగా ఉంటే, నెట్టేటప్పుడే మేకు చుట్టూ చీలుతుంది.

మొక్కజొన్నపొత్తు

నా పేరు చూసి ఊహించే ఉంటారు, పిడిమనసు గారు చెప్పిన ఆ పొత్తు పిడి నా దగ్గర ఉంది. గింజ గింజా అచ్చులో ఎంత చక్కగా దిగిందంటే, మా చెల్లెలి కొడుకు దాన్ని నిప్పుల మీద ఎప్పుడు కాలుస్తామని అడిగాడు. అది సెల్యులాయిడ్ కనుక ఆ ముచ్చట తీర్చలేకపోయాం.

తుప్పువైరి

పిడిమనసు గారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ పక్క కత్తుల మాటేమిటి? నాకు తెలిసిన ఒక సేకర్త తాబేటి చిప్ప రంగు సెల్యులాయిడ్ కత్తిని మూతపెట్టెలో ఇంకొన్నింటితో కలిపి ఉంచారు. పెట్టె తెరిచినప్పుడు ఆ కత్తి అలుగు మాత్రమే కాక, పక్కనున్న కొమ్ము పిడుల కత్తుల అలుగులు కూడా ఎర్రబడి ఉన్నాయి. ఒక పిడి మీద ప్రేమతో మిగతావాటిని బలిపెట్టడం న్యాయం కాదు.

గాలిచొరవ

ఇద్దరి మాటల్లోనూ బలం ఉంది, కానీ మధ్యలో ఒక అడుగు దాటేశారు. పిడి ఏ దశలో ఉందో ముందుగా తేల్చాలి.

సెల్యులాయిడ్ అంటే నైట్రో సెల్యులోజ్, కర్పూరం కలిపి చేసిన పదార్థం. కాలం గడిచేకొద్దీ అది నత్రజని ఆక్సైడ్‌లను వదులుతుంది. అవి గాలిలోని తేమతో కలిసి నత్రికామ్లం అవుతాయి. ఆ ఆమ్లం ఉక్కును తినడమే కాక, తాను పుట్టిన సెల్యులాయిడ్‌నే మరింత వేగంగా కుళ్ళబెడుతుంది. అందుకే బిగుతుగా మూసిన పెట్టె దీనికి పరమ శత్రువు. తుప్పువైరి గారి మిత్రుని పెట్టెలో జరిగింది అదే. సానరాయి గారు మొదటే వేరుచేయమన్నదీ అందుకే.

దశలు కంటికి తెలుస్తాయి. మొదట కర్పూరం ఆవిరైపోతూ పిడి కాస్త కుంచించుకుపోతుంది, పలకలు వంగుతాయి. తర్వాత ముక్కుకు ఘాటుగా తగిలే పుల్లని వాసన వస్తుంది, పైన జిగురుగా తడి చేరుతుంది, ఇత్తడి మేకులు పచ్చబడతాయి. ఆ తర్వాత పైపైన కాకుండా పదార్థం లోపలే వలలా అల్లుకున్న పగుళ్ళు కనిపిస్తాయి. చివరికి ముక్కలుగా రాలిపోతుంది. లోపలి పగుళ్ళు మొదలైతే ఆ పిడిని అలుగుతో కలిపి ఉంచడంలో అర్థం లేదు, అక్కడ తుప్పువైరి గారితో ఏకీభవిస్తాను. అంతకు ముందు దశలో ఉంటే చాలా ఏళ్లు నిలబెట్టవచ్చు.

పాతపెట్టె గారికి ఊరట కలిగించే సంగతి ఒకటి ఉంది. అన్ని సెల్యులాయిడ్‌లూ ఒకే వేగంతో చెడవు. పారదర్శకంగా ఉండేవి, తాబేటి చిప్ప రంగువి తొందరగా చెడతాయి. దంతపు రంగు రావడానికి కలిపే తెల్లని జింక్ ఆక్సైడ్ ఆమ్లాన్ని కొంతవరకు విరుస్తుంది కనుక మీగడ రంగు పిడులు సాధారణంగా ఎక్కువకాలం నిలుస్తాయి.

చేయవలసిన పనులు ఇవి. అలుగు మీది తుప్పును మెత్తగా తీసి, మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే సన్నని రేణువుల మైనం) పల్చగా పూయండి. బ్రిటిష్ మ్యూజియంలో రూపొందిన రెనెసాన్స్ మైనాన్ని చాలామంది వాడతారు. నూనె జారిపోతుంది, మైనం నిలుస్తుంది. కత్తిని పూర్తిగా మూయకుండా, అలుగు పలకలకు తగలకుండా తెరిచి ఉంచండి. చల్లగా, పొడిగా, గాలి ఆడే చోట, ఎండ పడకుండా పెట్టండి. పక్కనే ఉత్తేజిత బొగ్గు కానీ జియోలైట్ కానీ ఉంచితే ఆవిరిని కొంత పీల్చుకుంటుంది. పాత అట్టపెట్టెను పారేయకండి కానీ కత్తిని అందులో ఉంచకండి. ఆ అట్టలోనూ ఆమ్లం ఉంటుంది, తోలు సంచీలోనూ ఉంటుంది. స్పిరిట్, అసిటోన్ వంటివి పిడికి తగలనీయకండి, సెల్యులాయిడ్ వాటిలో కరుగుతుంది. అమ్మోనియా ఉన్న లోహపు పాలిష్‌లను ఏ పాత పిడి దగ్గరకూ రానీయకండి.

కొమ్ముబూర

సెల్యులాయిడ్ గొడవలు చదివి కొమ్ము పిడులు నిశ్చింత అనుకునేవారికి చెబుతున్నాను, కొమ్ముకు దాని కష్టాలు దానికున్నాయి. నా అభిప్రాయంలో బొమ్మల పిడులలో అన్నిటికంటే గొప్పవి పంతొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ళ అచ్చు కొమ్ము పిడులే. కొమ్మును వేడితో మెత్తబరచి ఉక్కు అచ్చుల మధ్య అదిమి, ఓడలు, డేగలు, ప్రముఖుల తలలు తీర్చేవారు. అమెరికా గిరాకీ కోసం షెఫీల్డ్ పనివారు అమెరికా డేగను అచ్చువేసిన పిడులు ఇప్పటికీ కనిపిస్తాయి. వేడి ఎక్కువైనచోట కొమ్ము గుర్తుపెట్టుకున్న పాత వంపుకు తిరిగిపోవాలని చూస్తుంది, కనుక వేడికీ ఎండకూ దూరంగా ఉంచాలి. పొరలు విడిపోకుండా నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాళ్ళ నుంచి తీసేది) చాలా తక్కువగా, అరుదుగా రాయవచ్చు.

అసలు ప్రమాదం పురుగు. కొమ్ము వెంట్రుకల జాతి పదార్థమే కనుక తోలునూ ఉన్నినీ తినే డెర్మెస్టిడ్ పురుగుల పిల్లలు దాన్ని కూడా తింటాయి. పిడి మీద మెలికలు తిరిగిన సన్నని గాడులు కనిపిస్తే అవి వాడకం వల్ల పడిన గీతలు కావు. మ్యూజియంలు ఇలాంటి వస్తువులను సంచిలో బిగించి గడ్డకట్టే చలిలో ఉంచి పురుగును చంపుతాయి. ఆ పద్ధతి పాటించేవారు, బయటకు తీశాక గది వేడికి వచ్చేదాకా సంచి విప్పకూడదు. విప్పితే చల్లని అలుగు మీద నీరు చెమర్చి తుప్పు పడుతుంది.

దంతపుగీత

కొమ్ముబూర గారికి ఒక చేర్పు. తాబేటి చిప్పను పోలినట్టు మరకలు వేసిన కొమ్ము చాలా ఉంది. భూతద్దంతో చూస్తే నిజమైన చిప్పలో ముదురు మచ్చ సన్నని చుక్కల సమూహంగా, మందం లోపలికి దిగి కనిపిస్తుంది. రంగు వేసిన కొమ్ములో మచ్చ పైపైనే ఉంటుంది, అంచు దగ్గర ఆ సంగతి బయటపడుతుంది. చిప్పలో బంగారు, వెండి మేకులు పొదిగి పూలతీగలు తీర్చిన పికే పని పద్దెనిమిదో శతాబ్దపు కత్తుల మీద కనిపిస్తుంది. ఒక్కసారి దగ్గరగా చూసినవారు దాన్ని మరచిపోలేరు.

తూకం

దంతం, తాబేటి చిప్ప అన్న మాటలు ఇన్నిసార్లు వచ్చాయి కనుక చట్టం సంగతి చెప్పకపోతే బాగుండదు. ఆఫ్రికా ఏనుగును అంతరించే జాతుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందంలో అతి కఠినమైన మొదటి అనుబంధంలో చేర్చాలని 1989లో నిర్ణయించారు. ఆసియా ఏనుగు అంతకు ముందే అందులో ఉంది. చిప్ప కోసం చంపిన హాక్స్‌బిల్ తాబేలు కూడా అందులోనే ఉంది. బ్రిటన్‌లో 2018 నాటి దంతపు చట్టం 2022 జూన్‌లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 1947కి ముందు తయారై, దంతం పరిమాణం పది శాతం కంటే తక్కువ ఉన్న వస్తువును నమోదు చేసుకొని అమ్మవచ్చు. రెండు పలకలూ దంతమైన మంగలికత్తిలో దంతం పది శాతం దాటుతుందని చూడగానే తెలుస్తుంది. దేశానికొక నియమం ఉంది కనుక, దంతపు పిడి కత్తిని సరిహద్దు దాటించాలనుకునేవారు కొనే ముందే రెండు దేశాల నియమాలూ చదువుకోవాలి. అమ్మేవారు సెల్యులాయిడ్‌ను దంతమని వ్రాయడం వల్ల కొనేవారు కస్టమ్స్ దగ్గర చిక్కుకునే అవకాశం కూడా ఉంది. పాతపెట్టె గారు ఆ కాగితాన్ని సరిచేయించుకోవడం మంచిది.

నావికుడు

తిమింగలాల వేట ఓడల బొమ్మలు గీసిన "దంతపు" పిడుల కత్తుల విషయంలో కూడా జాగ్రత్తగా ఉండాలి. పాలిమర్ రెసిన్‌తో పోతపోసిన నకళ్ళు విపరీతంగా తిరుగుతున్నాయి. వాటిలో జీర ఉండదు, చిన్న గాలి బుడగలు ఉంటాయి, నల్ల సిరా ప్రతి గీతలోనూ ఒకే మోతాదులో నిండి ఉంటుంది. పాత అలుగుకే అలాంటి పిడి తగిలించి అమ్ముతారు కనుక అలుగు ముద్ర నిజమైనదని తేలినంత మాత్రాన పిడిని నమ్మకూడదు.

ముద్రలవేట

నావికుడు గారి మాటకు తోడుగా, అలుగూ పిడీ పుట్టుకతో ఒకటేనా అని చూసే పద్ధతి చెబుతాను. కత్తి మూసినప్పుడు వాదర పలకల అంచుల మధ్య సరిగ్గా నడిమికి రావాలి, ముక్కు పిడి చివర్న ఉన్న సీసపు ముక్కకు తగలకూడదు, తోక వంపు పిడి వంపుతో కలిసిపోవాలి. అలుగుకు వందేళ్ల మసక ఉండి, మేకుల తలలు మాత్రం కొత్తగా గుండ్రంగా మెరుస్తుంటే ఎవరో విప్పి మళ్ళీ కట్టారని అర్థం. వెండి పిడి అయితే పని సులువు, వెండి మీద నాణ్యతను పరీక్షించే కార్యాలయపు ముద్రలు, సంవత్సరాన్ని తెలిపే అక్షరమూ ఉంటాయి. షెఫీల్డ్ కార్యాలయం 1773లో ఏర్పడింది, 1975 దాకా దాని గుర్తు కిరీటం. అలుగు మీది కాలమూ వెండి మీది సంవత్సరమూ పొంతన లేకుండా ఉంటే ఆ జంట పుట్టుకతో వచ్చినది కాదు.

వంకీతోక

వెండి గుర్తులు వెతికేటప్పుడు అలుగును మెరుగుపెట్టించాలన్న ఆశను అణచుకోండి. యంత్రపు చక్రం మీద రుద్దిన అలుగులో ముద్ర అంచులు కరిగిపోతాయి, ఆమ్లంతో తీర్చిన బొమ్మా దాని మీది బంగారు పూతా క్షణంలో పోతాయి. వెలిసిన బంగారం మీద నాకున్న గౌరవం కొత్త మెరుపు మీద లేదు.

పాతపెట్టె

అందరికీ కృతజ్ఞతలు. పరీక్షలన్నీ చేసి చూశాను. రెండు వైపుల నెమళ్ళూ ఈకకు ఈక ఒక్కటే. అంచున జీరలు సమాంతరంగా, ఒకే ఎడంతో ఉన్నాయి. రుద్దినప్పుడు కర్పూరం వాసన స్పష్టంగా వచ్చింది, పుల్లని ఘాటు లేదు. లోపలి పగుళ్ళు భూతద్దంలో కనిపించలేదు. మేకుల దగ్గర మాత్రం పచ్చదనం ఉంది. అమ్మినవారికి వ్రాశాను, వారు వివరణను సెల్యులాయిడ్ అని సవరించి పంపారు. పిడిని ఉంచాలనే నిర్ణయించుకున్నాను. కత్తిని వేరే అరలోకి మార్చి, మైనం పూసి, తెరిచి పెట్టాను.

తుప్పువైరి

మీ వర్ణన ప్రకారం నేనూ ఇప్పటికి ఒప్పుకుంటాను. అయితే పచ్చదనాన్ని తేలికగా తీసుకోవద్దు. ఋతువు మారినప్పుడల్లా భూతద్దంతో చూడండి. లోపలి పగులు ఒక్కటి కనిపించినా ఆగకండి.

పిడిమనసు

ఆ రోజు వస్తే, మేకు తలను సన్నని ఆకురాయితో వెండి పని చేసేవారి ఓర్పుతో అరగదీయండి, డ్రిల్లు పెట్టకండి. పిడిని, మేకులను, బిళ్ళలను, సీసపు ముక్కను గాలి ఆడే వేరే పెట్టెలో దాచి, ఏ అలుగుకు చెందినదో కాగితం మీద వ్రాసి పెట్టండి. అలుగుకు తాత్కాలికంగా వేసే పిడిని కొట్టి బిగించే మేకులతో కాకుండా విప్పగలిగే సన్నని బోల్టులతో కట్టించండి. ముందుగా ఇప్పుడే, పిడి బాగున్నప్పుడే, కొలతలు తీసి అన్ని వైపులా ఫొటోలు తీసుకోండి.

గాలిచొరవ

ఫొటోలలో పక్కన ఒక కొలబద్ద ఉంచండి. పిడి కుంచించుకుపోతోందో లేదో తెలుసుకోవడానికి తర్వాత అదే ఆధారం.

కొత్తపదును

ఇదే వరుసలో ఒక సందేహం. వారంలోని ఏడు రోజుల పేర్లు వెన్ను మీద చెక్కిన ఏడు కత్తుల పెట్టె ఒకటి చూశాను. ఆరు పిడులు దంతపు జీరతో ఉన్నాయి, గురువారపు కత్తి ఒక్కటి కొంచెం పసుపుగా, సమానమైన గీతలతో ఉంది. పెట్టె లోపల మఖ్మల్ గుడ్డ పరచి ఉంది. తీసుకోవచ్చా?

దంతపుగీత

గురువారపు కత్తికి పిడి మారినట్టుంది. అది సెల్యులాయిడ్ అయితే మూసిన పెట్టెలో మిగతా ఆరింటికీ ప్రమాదం, ఇరుగుపొరుగు బుధ శుక్రవారాల అలుగుల మీద చుక్కలు ఉన్నాయేమో ముందుగా చూడండి. మిగతా ఆరు నిజంగా దంతమైతే తూకం గారు చెప్పిన నియమాలు వర్తిస్తాయి. ఏడు ముద్రలూ ఒకే తయారీదారువేనా అన్నది కూడా చూసి, వెన్నుల ఫొటోలు ఇక్కడ పెట్టండి.